కుక్కకూ పన్ను నొప్పి ఉంటుంది



ఈసారి గోడపత్రికలో నేను కుక్క పళ్ళ గురించి రాస్తున్నాను. "పళ్ళ గురించి రాయాలంటే మనుషుల పళ్ళు లేవా?" అని కొందరు నవ్వారు. నవ్వండి, పర్వాలేదు. కానీ పూర్తిగా చదివాక నవ్వండి. మన ఆశ్రమ పాఠశాలలో కర్రిగాడు ఉన్నాడు. మన ఊళ్ళల్లో ప్రతి ఇంటి ముందూ ఒక కుక్క ఉంటుంది. పొలం కాపలాకి, మేకల వెంట, అడివికి మనతో వచ్చేది కుక్కే. దాని నోట్లో ఏముందో మాత్రం మనం ఎప్పుడూ చూడం. చూడకపోవడం వల్ల కుక్కకే కాదు, మనకూ ప్రమాదమే. అది ఎలాగో కింద రాశాను.

1. కుక్కకు పళ్ళు ఎన్ని?

మనకు 32 పళ్ళు. ఇది అందరికీ తెలుసు. పెద్ద కుక్కకు 42 పళ్ళు. పై దవడలో 20, కింది దవడలో 22. జీవశాస్త్రం పాఠంలో మనం నాలుగు రకాల పళ్ళు చదువుకున్నాం కదా. ఆ నాలుగు రకాలూ కుక్కకు ఉన్నాయి.

కుంతకాలు (ముందరి పళ్ళు) 12. ఇవి ఎముక మీది మాంసం గీకడానికి, ఒంటి మీద గోమార్లు, పేలు కొరుక్కోవడానికి.
రదనికలు (కోరలు) 4. ఇవి పట్టుకోవడానికి. కోర బయట కనిపించే దానికన్నా లోపలి వేరే పొడుగు.
అగ్రచర్వణకాలు 16. ఇవి కత్తెరలాగా కోయడానికి.
చర్వణకాలు 10. ఇవి నలగ్గొట్టడానికి.

కూడి చూడండి, 42 వస్తుంది. మన దంత సూత్రం 2123/2123 అని మాస్టారు చెప్పారు. కుక్కది 3142/3143. పరీక్షలో రాకపోవచ్చు గానీ తెలిసి ఉంటే మంచిది.

కుక్కపిల్లకు పాలపళ్ళు 28. పుట్టిన మూడో వారం నుంచి రావడం మొదలవుతాయి. నాలుగో నెల నుంచి ఊడిపోతాయి. ఆరేడు నెలలు వచ్చేసరికి 42 పళ్ళూ వచ్చేస్తాయి. మనకు ఆరేళ్ళకు మొదలయ్యే పని దానికి ఆరు నెలలకే అయిపోతుందన్న మాట. కాబట్టి ఐదు నెలల కుక్కపిల్ల పన్ను ఊడి కింద పడితే భయపడవద్దు. ఏడాది దాటిన కుక్కకు ఒక పన్ను విరిగితే మాత్రం అది మళ్ళీ రాదు.

2. పన్ను లోపల ఏముంది?

పన్ను రాయి కాదు. పైన ఎనామిల్ అనే తెల్లని గట్టి పొర ఉంటుంది. శరీరం మొత్తంలో దానికన్నా గట్టిది లేదు. దాని కింద డెంటిన్. అన్నిటికన్నా లోపల మెత్తని గుజ్జు ఉంటుంది, దాన్ని పల్ప్ అంటారు. అందులో రక్తనాళాలు, నరాలు ఉంటాయి. కుక్క ఎనామిల్ మన ఎనామిల్ కన్నా చాలా పల్చన. చూడ్డానికి కోరలు భయంకరంగా ఉన్నా, పొర మాత్రం పల్చనే.

పన్ను కొస కొంచెం చిట్లి పల్ప్ దాకా పోకపోతే అంత ప్రమాదం లేదు. అయినా ఒకసారి డాక్టరుకి చూపించాలి. కానీ పల్ప్ బయటపడితే మాత్రం ఊరుకోకూడదు. కొత్తగా విరిగినప్పుడు మధ్యలో ఎర్రటి చుక్క కనిపిస్తుంది. కొన్నాళ్ళకు అది నల్లని బొక్క అవుతుంది. ఆ బొక్కలోంచి సూక్ష్మజీవులు లోపలికి పోయి వేరు కొస దగ్గర చీము పట్టిస్తాయి. బయట పన్ను ముక్కే కనిపిస్తుంది, రోగం మాత్రం ఎముకలో ఉంటుంది.

3. పళ్ళు ఎందుకు విరుగుతాయి?

మన దగ్గర నేను చూసిన కారణాలు, డాక్టరు గారు చెప్పిన కారణాలు కలిపి రాస్తున్నాను.

(అ) గట్టి ఎముకలు. మేక కాలు, పశువు కాలు ఎముక, మూలుగ ఉన్న లావు ఎముకలు. కుక్క వీటిని నోటి పక్కన పెట్టుకుని కొరుకుతుంది. అక్కడ పై దవడలో ఒక పెద్ద పన్ను ఉంటుంది. అది నాలుగో అగ్రచర్వణకం. అదీ కింది మొదటి చర్వణకం కలిసి కత్తెర రెండు రెక్కల్లాగా పని చేస్తాయి. గట్టి ఎముక కొరికితే పై పన్ను బయటి వైపు పెంకులాగా లేచిపోతుంది. కుక్కల్లో ఎక్కువగా విరిగే పళ్ళలో ఇది ఒకటి.

(ఆ) రాళ్ళు. మనం రాయి విసురుతాం, కర్రిగాడు పరిగెత్తి నోటితో పట్టుకుంటాడు. మనకు ఆట, దాని పళ్ళకు దెబ్బ.

(ఇ) గొలుసు. ఎప్పుడూ కట్టేసి ఉంచిన కుక్క గొలుసు కొరికి కొరికి కోరలు అరగదీసుకుంటుంది.

(ఈ) కర్రతో మూతి మీద కొట్టడం.

(ఉ) అడివిలో పందితో, ఊళ్ళో వేరే కుక్కలతో పోట్లాట. ఇలా కోరలు విరిగిన కుక్కలు మన ఊళ్ళల్లో చాలా ఉన్నాయి.

ఒక గుర్తు చెప్తాను. ఏ వస్తువునైనా మీ బొటనవేలి గోరుతో నొక్కండి. కొంచెమైనా గోరు దిగకపోతే అది కుక్క పంటికి మరీ గట్టిది అని లెక్క.

కోడి ఎముకల సంగతి వేరు. అవి పళ్ళు విరగ్గొట్టవు. ఉడికిన కోడి ఎముక పుల్లల్లాగా చీలి చిగుళ్ళలో, గొంతులో గుచ్చుకుంటుంది. కడుపులోకి పోయినా ప్రమాదమే.

4. గార, పాచి, చిగుళ్ళ జబ్బు

మనకు పళ్ళు పుచ్చిపోతాయి. కుక్కకు పుచ్చడం తక్కువ. దాని లాలాజలంలో మనకన్నా క్షార గుణం ఎక్కువ, పళ్ళు కూడా మొనదేలి ఉంటాయి గానీ తిండి ఇరుక్కునే గుంటలు తక్కువ. అలాగని దానికి పళ్ళ జబ్బు లేదనుకోకండి. దానికి ఎక్కువగా వచ్చేది చిగుళ్ళ జబ్బు.

తిన్న తర్వాత పళ్ళ మీద పాచి పడుతుంది. తుడవకపోతే రెండు మూడు రోజుల్లోనే అది గట్టిపడి పసుపు రంగు గార అవుతుంది. గార పక్కన చిగురు ఎర్రబడి వాస్తుంది. ఈ దశలో శుభ్రం చేస్తే మళ్ళీ బాగవుతుంది. ఇంకా వదిలేస్తే చిగురు కిందికి జారి, లోపలి ఎముక తరిగి, పన్ను కదిలి ఊడిపోతుంది. అప్పుడు ఎవరూ బాగుచెయ్యలేరు. కుక్క నోరు వాసన రావడం మామూలే అని మనవాళ్ళు అంటారు. మామూలు కాదు. బాగా కంపు కొడితే నోట్లో జబ్బు ఉందని అర్థం.

5. నొప్పి ఉందని ఎలా తెలుస్తుంది?

కుక్కకు నోరుంది గానీ మాట లేదు. ఇంకో సంగతి, అది నొప్పిని దాచుకుంటుంది. పన్ను విరిగినా అన్నం తింటూనే ఉంటుంది. "తింటోంది కదా, నొప్పి ఏం లేదు" అనుకోకూడదు. ఈ గుర్తులు చూడండి.

ఒక పక్కనే నములుతుంది.
ముద్ద నోట్లోకి తీసుకుని కింద పడేస్తుంది.
చొంగ ఎక్కువ కారుతుంది, ఒక్కోసారి రక్తంతో.
కాలితో మూతి గీరుకుంటుంది, మూతి నేలకు రాస్తుంది.
తల మీద చెయ్యి వెయ్యనివ్వదు.
కంటి కింద వాపు వస్తుంది, పగిలి చీము కారుతుంది.

ఈ చివరి గుర్తు ముఖ్యమైనది. పైన చెప్పిన పెద్ద పన్నుకు మూడు వేళ్ళు ఉంటాయి. ఆ వేళ్ళ కొసలు కంటికి కొంచెం కిందుగా ఉంటాయి. అక్కడ చీము పడితే బుగ్గ మీద కురుపులాగా లేస్తుంది. చూసినవాళ్ళు కంటి జబ్బు అనుకుంటారు, లేదా ఏదో కుట్టిందనుకుంటారు.

6. మన కర్రిగాడికి ఏం జరిగింది?

ఇది మీలో చాలామందికి తెలుసు. కొత్తగా చేరిన తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం రాస్తున్నాను.

పోయిన వానాకాలంలో కర్రిగాడికి కుడి కంటి కింద వాపు వచ్చింది. పగిలింది, చీము కారింది. వాచ్‌మన్ తాత పసుపు రాశాడు. మానింది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. మళ్ళీ పసుపు, మళ్ళీ మానింది. మూడోసారి వచ్చినప్పుడు కర్రిగాడు మనిషి మారిపోయినట్టు మారిపోయాడు. మెట్ల కింద పడుకునేవాడు. పిలిస్తే లేచేవాడు కాదు. అంతకు ముందు రాత్రి పూట చిన్నపిల్లలు బాత్‌రూముల వైపు వెళ్తే ముందు నడిచేది వాడే కదా, అది కూడా మానేశాడు.

ఒక సాయంత్రం ఐదో తరగతి తమ్ముడు ఒకడు ఎప్పటిలాగే వాడి బుగ్గలు పట్టుకుని ఆడించబోయాడు. కర్రిగాడు గుర్రుమని చెయ్యి అందుకున్నాడు. పన్ను తగిలి తోలు గీరుకుంది. రక్తం రాలేదు. వార్డెన్ గారు వెంటనే కుళాయి కింద సబ్బుతో కడిగించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి సూది వేయించారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అదే మాట. "కరిచే కుక్క హాస్టల్లో ఉండకూడదు, గోనెలో కట్టి ఘాట్ రోడ్డు అవతల వదిలేద్దాం" అని కొందరు. "పిచ్చి పట్టింది, కొట్టి చంపెయ్యాలి" అని ఇంకొందరు. చిన్నపిల్లలు ఏడ్చారు. కరిపించుకున్న తమ్ముడు అందరికన్నా ఎక్కువ ఏడ్చాడు. వార్డెన్ గారు "పిల్లల క్షేమం ముందు, కానీ తెలుసుకోకుండా ఏమీ చెయ్యొద్దు" అన్నారు. కర్రిగాడిని ఎవరూ ముట్టుకోకుండా పాత కట్టెల షెడ్డులో ఉంచి, మర్నాడు పశువుల డాక్టరు గారికి కబురు పెట్టారు.

డాక్టరు గారు వచ్చి ముందు అడిగింది పళ్ళ గురించి కాదు, "టీకా వేయించారా?" అని. ఏటా వేయిస్తున్న కాగితం వార్డెన్ గారు చూపించారు. అయినా పది రోజులు షెడ్డులోనే ఉంచి గమనించమన్నారు. కుక్క కరిచినప్పటికే దాని చొంగలో రేబిస్ ఉంటే, పది రోజుల్లోపే దానికి జబ్బు బయటపడి చనిపోతుందట. తర్వాత మూతికి గుడ్డతో కట్టు కట్టి, పై పెదవి ఒక పక్కకు ఎత్తి మాకు దూరం నుంచే చూపించారు. ఆ పెద్ద పన్ను బయటి పెంకు లేచిపోయి ఉంది. మధ్యలో నల్లని బొక్క. "మీరు పైన పసుపు రాశారు. ముల్లు లోపల ఉంది" అన్నారు.

పది రోజులు గడిచాయి. కర్రిగాడు బాగానే ఉన్నాడు, అంటే పిచ్చి కాదు. ఆ తర్వాత కూరగాయల ఆటోలో పెద్ద పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాచ్‌మన్ తాతతో పాటు నేనూ, మా క్లాసు లీడరూ వెళ్ళాం. ముందు రోజు రాత్రి నుంచి తిండి పెట్టొద్దన్నారు, మత్తు ఇచ్చినప్పుడు వాంతి అయితే ఊపిరి గొట్టంలోకి పోతుందని. మత్తు ఇచ్చాక ఆ పన్నును మూడు ముక్కలుగా కోసి, ఒక్కో వేరునూ విడిగా తీశారు. మూడు వేళ్ళ పన్నును ఒకేసారి లాగితే వేరు లోపల విరిగిపోతుందట. తర్వాత గుంట కడిగి, వాటంతట అవే కరిగిపోయే దారంతో కుట్టారు.

పన్ను తియ్యకుండా ఉంచే పద్ధతి కూడా ఉంది. లోపలి గుజ్జు తీసేసి మందుతో నింపుతారు. దాన్ని రూట్ కెనాల్ అంటారు. మనుషులకు చేసినట్టే. దానికి ఎక్స్‌రే, ప్రత్యేకమైన పరికరాలు, ఎక్కువ డబ్బు కావాలి. కర్రిగాడి వేళ్ళ దగ్గర చీము చాలా పట్టింది కాబట్టి తీసెయ్యడమే మేలన్నారు.

రెండు వారాలు మెత్తని తిండే పెట్టాం. గంజి అన్నం, ఉడికించిన గుడ్డు, తాళింపు వెయ్యని పప్పు. సాంబారు వద్దన్నారు, ఎందుకంటే ఉల్లిపాయ కుక్కల రక్తాన్ని పాడు చేస్తుంది. మూడో వారానికి కర్రిగాడు చిన్నపిల్లల ముందు నడవడం మళ్ళీ మొదలుపెట్టాడు. 42 పళ్ళలో ఒకటి పోయింది, 41 ఉన్నాయి. వాటితో హాయిగా తింటున్నాడు. తీసిన మూడు ముక్కలు సైన్సు గదిలో సీసాలో ఉన్నాయి. వేరు ఎంత పొడుగుందో మాస్టారిని అడిగి చూడండి.

7. చెయ్యకూడని పనులు

నోరు తెరిచి చెయ్యి పెట్టకండి. ఎంత మచ్చికైన కుక్కయినా నొప్పిలో కరుస్తుంది.

మన నొప్పి మాత్రలు వెయ్యకండి. కర్రిగాడికి కూడా ఒకరు మాత్ర వేద్దామన్నారు, డాక్టరు గారు వద్దన్నారు. పారాసిటమాల్ కుక్క కాలేయాన్ని, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపును, మూత్రపిండాలను పాడు చేస్తాయి. డైక్లోఫెనాక్ వేసిన పశువులు చనిపోతే, వాటిని తిన్న రాబందులు కూడా చనిపోయాయి. అందుకే మన దేశంలో 2006లో పశువులకు ఆ మందు వాడకుండా ఆపేశారు. మనకు పని చేసే మందు అన్ని జీవులకూ మందు కాదు.

లవంగ నూనె, సున్నం, పొగాకు పన్నులో పెట్టకండి. మన టూత్‌పేస్టు కూడా వద్దు. కుక్క ఉమ్మడం ఎరుగదు, మింగేస్తుంది.

కటింగ్ ప్లయరుతో పన్ను పీకే పని అసలు చెయ్యకండి.

8. అన్నిటికన్నా ముఖ్యమైనది

ఇది అందరూ రెండుసార్లు చదవండి. చొంగ కారడం, మింగలేకపోవడం, దవడ వేలాడడం పన్ను నొప్పిలోనే కాదు, రేబిస్‌లో కూడా ఉంటాయి. రేబిస్ వచ్చిన ప్రతి కుక్కా పరిగెత్తి కరవదు. కొన్ని మూల పడుకుంటాయి. గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు నోరు తెరిచి ఉంటాయి. అయ్యో పాపం అని ఎముక తియ్యడానికి చెయ్యి పెడితే ఆ చొంగ ద్వారా జబ్బు అంటుకుంటుంది. మనిషికి రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు ఉండదు. కాబట్టి అది పన్ను నొప్పా, రేబిసా అని తేల్చే పని మనది కాదు. దూరంగా ఉండి పెద్దలకు చెప్పడమే మన పని.

కుక్క కరిచినా, గీరినా, పుండు మీద నాకినా ఇలా చెయ్యాలి.
పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి.
కారం, పసుపు, సున్నం, ఆకు పసరు పెట్టకూడదు.
అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటి సూది వేసిన రోజును సున్నా రోజు అంటారు. అక్కణ్నుంచి 3, 7, 28 రోజుల్లో మళ్ళీ సూది. నొప్పి లేదని మధ్యలో మానకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.
గాయం అయి రక్తం వస్తే గాయంలో వేరే మందు కూడా వేస్తారు. అందుకని దాచకుండా చూపించాలి.
కుక్కను పది రోజులు చూద్దాం, తర్వాత సూది వేయించుకుందాం అనుకోకూడదు. సూది మొదలుపెట్టి, ఆ తర్వాత కుక్కను గమనించాలి.

మొట్టమొదట ఈ టీకాతో బతికిన మనిషి కూడా మనలాంటి పిల్లవాడే. 1885 జులై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ గారు జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ళ అబ్బాయికి వేయించారు. పాశ్చర్ గారు చనిపోయిన సెప్టెంబరు 28ని ఇప్పుడు ప్రపంచ రేబిస్ దినంగా జరుపుతున్నారు.

9. మనం చెయ్యగలిగినవి

వార్డెన్ గారికి, పెద్దలకు నా మనవి, తోటివాళ్ళకు నా మాట కలిపి రాస్తున్నాను.

కోడి కూర రోజున ఎముకలు వెయ్యడానికి చేతులు కడిగే చోట మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టించాలి. నిండాక గుంటలో పూడ్చే పని వారానికి ఒక క్లాసు తీసుకోవచ్చు. మొదటి వారం మా తొమ్మిదో తరగతి తీసుకుంటుంది.

కర్రిగాడికి రాళ్ళు విసరడం మానాలి. పాత గుడ్డలు చుట్టిన బంతి చాలు.

ఏటా టీకా వేయించే తేదీ ఆఫీసు క్యాలెండరులో ఎర్ర సిరాతో రాయాలి.

డాక్టరు గారు వచ్చినప్పుడు నోరు కూడా చూడమని అడగాలి.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంటి కుక్కను దూరం నుంచి గమనించండి. ఒక పక్కనే నములుతోందా? కంటి కింద వాపు ఉందా? ఉంటే అమ్మానాన్నలకు చెప్పండి. మూడు నెలలు నిండిన కుక్కపిల్లకు రేబిస్ టీకా వేయించమని చెప్పండి. పశువుల ఆసుపత్రి దూరమైతే 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనం వస్తుందేమో కనుక్కోవచ్చు.

కరిచిన కుక్కను తరిమేస్తే ఆ నొప్పి దానితోనే పోతుంది, అది ఇంకో ఊళ్ళో ఇంకో పిల్లవాణ్ని కరుస్తుంది. ఎందుకు కరిచిందో తెలుసుకుంటే పిల్లలకూ, కుక్కకూ మేలు.

మెదడుకు మేత

1) పెద్ద కుక్కకు పై దవడలో ఎన్ని పళ్ళు?
2) కంటి కింద వాపు వస్తే ఏ పన్నును అనుమానించాలి?
3) కుక్క గీరితే ఎన్ని నిమిషాలు కడగాలి?
4) కుక్కకు సాంబారు అన్నం ఎందుకు పెట్టకూడదు?

జవాబులు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి శనివారం లోపు గోడపత్రిక పెట్టెలో వెయ్యండి. అన్నీ సరిగ్గా రాసినవాళ్ళ పేర్లు వచ్చే సంచికలో వేస్తాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి